తప్పిపోయిన ప్రధానం

కొత్త రాష్ట్రం వచ్చి బండ్ల నంబర్ పలకలు మారిన ఆ రోజుల్లో నేనింకా పడుచువాణ్ణే, అరవై నిండలేదు. గొర్రెల వెంట తిరగడానికి ఐదో తరగతిలోనే బడి మానేసినా, సంతలో దొరికిన పాత లెక్కల పుస్తకాలు ముందేసుకొని నాకు నేనే చదువు చెప్పుకున్నాను (శిష్యుడు మొద్దు, గురువు కోపిష్టి). తిరుమలగిరి బడిలో లెక్కల సారైన మా బామ్మర్దికి మాత్రం నా చదువంటే వేళాకోళం. "లెక్కలు మాకిడిశిపెట్టు బావా, నువ్వు గొర్లను లెక్కపెట్టుకో" అనేవాడు. ఆ మాటకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ ఏడు కొన్న నా మోపెడ్‌కు 9991 నంబర్ వచ్చింది. లోకమంతా అంకెలు కూడి అదృష్టం చూసుకుంటుంటే నేను భాగించి చూశాను. రెండుతో పోదు, మూడుతో పోదు, ఐదుతో, ఏడుతో పోదు. ఒకటికీ తనకూ తప్ప ఇంకెవరికీ లొంగని సంఖ్యను పుస్తకాల్లో ప్రధాన సంఖ్య అంటారు. అంత పెద్దది నా బండికే వచ్చిందని బామ్మర్దితో అంటే, "రుజువు చెయ్, పిల్లలందరి ముంగట నిన్ను సారూ అని పిలుస్త" అన్నాడు. ఆ ఒక్క పిలుపు కోసం నేనెంత ఆశపడ్డానో చెప్పుకుంటే సిగ్గు.

వందను వందతో గుణిస్తే పదివేలు. కాబట్టి 9991 ఏ రెండు సంఖ్యల గుణకారంతోనైనా వచ్చి ఉంటే, వాటిలో ఒకటి వందకు లోపలే ఉండాలి. వందలోపు ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. గోడ మీద బొగ్గుతో మొదలుపెట్టి ఎనభై తొమ్మిది దాకా వచ్చాను, దేనితోనూ పోలేదు. మిగిలింది తొంభై ఏడొక్కటే. ఇంతమందికి చేతగానిది దానివల్ల ఏమవుతుందిలే అని బొగ్గు పారేసి ఫోన్ అందుకున్నాను. బామ్మర్ది భార్య ఎత్తింది. "చెల్లే, ప్రధానం ఖాయమైందని చెప్పు, పొద్దుగాల్నే రమ్మను" అన్నాను. పెళ్ళికి ముందు చేసే నిశ్చయాన్ని కూడా మా దిక్కు ప్రధానమే అంటారనీ, మా ఇంట్లో పెళ్ళీడు కొడుకున్నాడనీ ఆ ఊపులో తట్టలేదు. (ఆ రెంటికీ ఒకే పేరు పెట్టిన పండితుడెవరో దొరికితే కడిగేయాలని ఇప్పటికీ ఉంది.)

తెల్లారి ఆటో నిండా చుట్టాలు దిగారు. అందరికంటే ముందు మా అత్త, అరటిపండ్ల గంపతో, ముఖం మాడ్చుకొని.

"పిల్ల ఎవలది అల్లుడా? మాకొక్క మాట చెప్పకుంట ప్రధానం దాక తెచ్చుకున్నవా?"

నా భార్య నా వైపు, కొడుకు వాళ్ళమ్మ వైపు చూశారు. నేను లుంగీ సర్దుకుంటూ మోపెడ్ చూపించాను. సంగతి తెలిసి బామ్మర్ది కడుపు పట్టుకొని నవ్వాడు. తర్వాత గోడ ముందు కూర్చొని నా లెక్కలన్నీ ఓపిగ్గా చూసి, నేను వదిలేసిన చోట బొగ్గుతో రాశాడు: 97ను 103తో గుణిస్తే 9991.

"అన్ని ఇండ్లు తిరిగినవు గని ఆఖరి ఇంటికి పోకపోతివి బావా."

అత్తకు లెక్క అర్థం కాకపోయినా నా ముఖం అర్థమైనట్టుంది. "అయితే ప్రధానం లేదారా?" అని మా బామ్మర్దిని అడిగింది. లేదమ్మా, తప్పిపోయింది అన్నాడు వాడు. ఆమె గంపలోంచి ఒక పండు తీసి నా చేతిలో పెట్టింది.

"ఫికర్ చెయ్యకు అల్లుడా. ఇంకో సంబంధం దొరుకుతది."

దొరికింది. మొన్న మోత్కూర్‌లో ఒక ఆటో మీద 9973 కనిపించింది. ఈసారి తొంభై ఏడుతోనే మొదలుపెట్టి కిందికి వచ్చాను. దేనితోనూ పోలేదు, నిఖార్సైన ప్రధాన సంఖ్య. ఫోన్ తీశాను గాని, పిల్ల ఎవలదని అడగడానికి మా అత్త ఇప్పుడు లేదు. డెబ్బై దాటిన ముసలివాణ్ణి ఆటో వెనక నిలబడి ఒక్కణ్ణే నవ్వుకుంటుంటే, డ్రైవర్ తల బయటికి పెట్టి, "ఏడికి పోవాలె సారూ?" అన్నాడు.