పెరట్లో ఎలుగుబంటి, పటంలో అన్నయ్య

మొన్న మా మనవరాలు, యుద్ధంలో పోయిన ఊరి సిపాయిల గురించి కాలేజీలో రాయమన్నారంటూ కాగితాలు పట్టుకుని నా కుర్చీ పక్కన చతికిలబడింది. మా రాయగడ నుంచి పట్టాళానికి వెళ్లి, బర్మా యుద్ధంలో చనిపోయిన మా అన్నయ్య జీవితం రాయాలట. నన్నడిగింది కదా అని మురిసి గొంతు సవరించుకునేలోగానే, "నువ్వుండు తాతా, ఎలుగుబంటి కథ నాయనమ్మ సెప్పీసింది" అంది. ఎనభై దాటినవాడికి కళ్లు మండాలంటే శుక్లాలే ఉండనక్కర్లేదు.

చనిపోయిన అన్నగారి మీద అసూయపడటమంత దండగమారి పని మరొకటి లేదని నా ఈడువాళ్లకి మనవి చేసుకుంటున్నాను. బతికున్నవాడైతే ఎప్పుడో బట్టతల వస్తుంది, పెళ్లాం చేత నాలుగు మాటలు పడతాడు, మన మనసు చల్లబడుతుంది. పటంలో ఉన్నవాడు మాత్రం అదే ఒత్తు జుట్టుతో, అదే ఇస్త్రీ చొక్కాతో, నా నెరిసిన తలకేసి చూస్తూ ఉంటాడు. వయసులో నేనే పెద్దవాణ్ణయిపోయాను, పెద్దరికం మాత్రం ఆయనదే.

అసలు ఆ ఎలుగుబంటి నాది.

పనసపళ్ల వేళకి సెలవు మీద వస్తానని చెప్పి అన్నయ్య పట్టాళంలో చేరాడు. అమ్మ పెరటిచెట్టుకి ఒక కాయ కోయకుండా ఆయన కోసం ఉంచింది, నేనెంత ఏడ్చినా కోయలేదు. అది పండి, వాసన కొండదాకా పోయి, ఒక సాయంకాలం ఎలుగుబంటి దిగింది. నాన్న ఎస్టేటు కచేరీలో బంట్రోతు, ఆ వేళ దొరగారి వెంట లక్ష్మీపూర్ క్యాంపులో ఉన్నారు. తొమ్మిదేళ్ల నేను ఖాళీ కిరసనాయిలు డబ్బా తీసి, కర్రతో బాదుతూ, అరుస్తూ, సగం ఏడుస్తూ పెరట్లోకి ఉరికాను. అది నాకు భయపడి పోయిందో, కడుపు నిండి పోయిందో దాన్నే అడగాలి గాని, పోవడం మాత్రం పోయింది. కొన్నాళ్లు వీధిలో అందరికీ నేను 'ఎలుగోణ్ణే'.

సెలవు రాలేదు, కబురు వచ్చింది.

అన్నయ్య నెమ్మదస్తుడు. రైసుమిల్లుకి వెళ్లడం, రావడం, అమ్మకి నీళ్లు తోడి పెట్టడం తప్ప చెప్పుకోవడానికి కథలేమీ మిగల్చలేదు. ఉన్న రెండు మూడూ అమ్మ చెప్పి చెప్పి అరగదీసేసింది. తరవాత, పెద్దోడుంటే ఎలుగుబంటిని తరిమేసేవాడనేది. ఇంకొన్నాళ్లకి పెద్దోడే తరిమేశాడంది. నాన్న తల దించుకున్నారు. వీధివాళ్లు అమ్మ ముఖం చూసి ఊరుకున్నారు. నేను మాత్రం లోపల్లోపల కుతకుతలాడాను.

మాచ్‌ఖండ్ ప్రాజెక్టులో ఉద్యోగం దొరికి, పెళ్లి చేసుకుని కొత్త కోడల్ని తీసుకొస్తే, అమ్మ దాన్ని తిన్నగా పటం దగ్గరికే తీసుకుపోయింది. "ఈ మారాజు ఎలుగ్గొడ్డుని తోలీసేడమ్మా! నీ మొగుడా? పిల్లి కనబడితే నా కొంగులో దూరీవోడు." మా ఆవిడ పటంకేసి చూసి, తరవాత నాకేసి చూసింది. ఆ రెండు చూపులకీ ఉన్న తేడా ఇన్నేళ్లయినా నాకు జీర్ణం కాలేదు. తోలింది నేనేనని చెబితే, "పోయినోరితో పోటీ ఏటండీ?" అని నవ్వింది.

మనవరాలు రాస్తూ రాస్తూ ఆగింది. "తాతా, ఇదేటి? పండు పెద్దతాత కోసం ఉంచితే ఎలుగుబంటి వచ్చింది కదా, మరి ఊర్లో లేనోడు దాన్నెలా తోలేడు? ఎవులు తోలేరు, సెప్పు!"

వంటింట్లో మా ఆవిడ చేటలో బియ్యం చెరుగుతున్న చప్పుడు ఆగిపోయింది. జీవితమంతా ఎవరైనా అడిగితే బాగుణ్ణని ఎదురుచూసిన ప్రశ్న. నా ఎలుగుబంటి నా మోకాళ్లదాకా వచ్చి కూర్చుంది. పటంకేసి చూశాను. మీసం కూడా సరిగ్గా రాని కుర్రాడు, నా మనవడి వయసువాడు.

"సెలవు మీద వచ్చేడమ్మి" అన్నాను.

"పండు తిన్నాడా మరి?"

"తిన్నాడు."

మనవరాలు రాసుకుంది. చేట మళ్లీ కదిలింది.

ఇప్పుడు ఆ పెరడు లేదు. పనసచెట్టున్న చోట మేడమెట్లు లేచాయి. కొండ మీద టవరు నిలబడింది, ఎలుగుబంట్లు ఎటు పోయాయో తెలియదు. అమ్మ అన్నేళ్లు గుమ్మంలో నిలబడి ఎదురుచూసిన సెలవు ఒక్క మాటతో మంజూరైంది గాని, వినడానికి ఆవిడ లేకపోయింది. ఉండి ఉంటే మాత్రం, మొదటి తొన ఆయనకే పెట్టేది.