డ్యూటీలో ఉన్నవాళ్ళకే

దోమలు కుట్టకుండా రాసుకునే ఆ పూత మందును మా ల్యాబులో సాయంత్రం పనికి వెళ్ళేవాళ్ళకు మాత్రమే ఇచ్చేవారు. తిరుమలగిరి దాటాక ఉన్న గుర్రాల శాలలో చీకటి పడేలోపు దోమల్ని పట్టే లైట్ ట్రాపులు కట్టి రావడం నా పని. నాకు బండి రాదు. అందుకని మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, టీ తాగి, నన్ను స్కూటర్ మీద దింపేవాడు. మళ్ళీ ఇంటికి తీసుకురావాలి కాబట్టి గంటసేపు శాల గేటు దగ్గర అరుగు మీద కూర్చునేవాడు.

మొదట్లో ఒకరోజు నేను మందు రాసుకుంటుంటే చేయి చాపాడు.

"నాకు సుత జెర పెట్టవే."

"ఇది డ్యూటీల ఉన్నోళ్ళకే. మీరు ఒట్టి డ్రైవరు," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. నేను ట్యూబును బ్యాగులో పడేసి, బ్యాగు ఆయన ఒళ్ళో పెట్టి లోపలికి వెళ్ళిపోయాను. ఆ మాట మరిచిపోయాను కూడా.

మేము పనిచేసేది వెస్ట్ నైల్ అనే వైరస్ మీద. అసలు అది పక్షుల సొత్తు. దోమ ఒక పక్షిని కుట్టి, ఇంకో పక్షిని కుట్టి దాన్ని తిప్పుతూ ఉంటుంది. మధ్యలో గుర్రాన్నో మనిషినో కుడితే వైరస్‌కే అది దారి తప్పడం. మన ఒంట్లోకి వచ్చాక మళ్ళీ దోమకు ఎక్కేంత బలం దానికి ఉండదు. చాలామందికి అది వచ్చి పోయిన సంగతే తెలియదు. ఏ కొద్దిమందికో మెదడుకో వెన్నుకో ఎక్కుతుంది. ఎవరు అడిగినా ఈ నాలుగు ముక్కలూ గడగడా అప్పజెప్పేదాన్ని. 'ఏ కొద్దిమందికో' అనే మాట నోటి నుంచి ఎంత తేలిగ్గా వచ్చేదో ఇప్పుడు తలచుకుంటే నామీద నాకే చిరాకు.

ఆ వానాకాలం చివర్లో మా ఆయనకు జ్వరం వచ్చింది. నాలుగో రోజు పొద్దున మంచం దిగబోయి నేలమీద కూలబడ్డాడు. "కాలు వస్తలేదే," అన్నాడు, దారిలో బండి ఆగిపోయిందని చెప్పినట్టు. నేను దగ్గరికి పరుగెత్తలేదు. నిలబడి చూశాను. జ్వరం నాలుగు రోజులు, మెడ బిగుసుకుంది, కుడి కాలు పడిపోయింది, మాట స్పష్టంగా ఉంది. జబ్బుపడ్డ గుర్రాలకు ల్యాబులో ఫారం నింపినట్టు మనసులోనే అంతా రాసుకున్నాను. ఆ తర్వాతే ఆటో కోసం వీధిలోకి వెళ్ళాను.

ఆస్పత్రిలో మూడు వారాలు ఉన్నాం. చూడడానికి వచ్చిన చుట్టాలందరూ నా ధైర్యాన్ని మెచ్చుకున్నారు. ధైర్యమా పాడా! లోపల ఏమీ లేదు, అంతే. తిన్నాను, పడుకున్నాను, మందుల చీటీలు పట్టుకుని తిరిగాను. డాక్టరు ఆయన పాదం గీరి చూసి, కాలికి స్పర్శ బాగానే ఉందనీ, కదలికే లేదనీ చెప్పాడు. నాకు అచ్చంగా దానికి తిరగేసి ఉంది అనుకున్నాను.

ఏ వైరస్సో మొదటి రక్తంలో తేలలేదు. ఇలాంటి వైరస్‌లు ఒకదానికొకటి దగ్గరి బంధువులు. ఏదో ఒకటి వచ్చిందని తెలుస్తుంది కానీ ఏదన్నది గట్టిగా చెప్పలేం. కొన్ని వారాలాగి రెండోసారి రక్తం తీసి రెండింటినీ పోల్చాలి. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఖాళీ గొట్టాలు నా చేతికిచ్చాడు. "మీరు ల్యాబు మనిషే కదమ్మా, ఆయన్ను మళ్ళీ తిప్పడం ఎందుకు? మీరే తీసి పంపండి."

ఈ ఉద్యోగానికి ముందు పద్మారావు నగర్‌లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో ఏళ్ళ తరబడి రక్తం తీసిన చేయి నాది. అయినా ఆ గొట్టాలు టీవీ పక్కన అలాగే ఉండిపోయాయి. ఆయన వాటి వంక చూసేవాడు, నా వంక చూసేవాడు.

"తీస్తవా, తియ్యవా?"

"రేపు తీస్త."

ఎందుకు తీయడం లేదో నాకు తెలుసు. పేరు తేలితే, ఆయన్ను ఆ గేటు దగ్గర కూర్చోబెట్టింది నేనే అన్నది కూడా తేలిపోతుంది.

ఇంతలో శాలకు వెళ్ళాల్సి వచ్చింది. పెళ్ళి ఊరేగింపులకు కిరాయికి పోయే తెల్ల గుర్రం ఒకటి అక్కడ అదే వానాకాలంలో వెనక కాళ్ళు ఈడ్చింది. దానికీ రెండో రక్తం తీయాలి. ఈసారి పొద్దున్నే ఆటోలో వెళ్ళాను. గుర్రం లేచి నిలబడి గడ్డి తింటోంది. గుర్రాలను చూసుకునే పెద్దాయన దాని తల పట్టుకున్నాడు.

"సారుకెట్లుంది మేడం?"

"అట్లనే ఉంది."

"సచ్చా మనిషి మేడం. గేటు కాడ దోమలు పీక్క తింటుండె. బ్యాగుల మందున్నది గద, జెర పూసుకోరాదు సారూ అన్న. 'అది డ్యూటీల ఉన్నోళ్ళకే' అన్నడు. బ్యాగు ఒళ్ళనే ఉండె. ఒక్కనాడు సుత ముట్టలే."

మెచ్చుకోలుగా చెప్పాడు. నేను గుర్రం మెడ మీద నరం వెతికి, సూది గుచ్చి, రక్తం తీసి, గొట్టం మీద నంబరు రాశాను. చేయి వణకలేదు. వణికి ఉంటే బాగుండేదని ఆటోలో అనిపించింది.

ఇంటికి వెళ్ళగానే, చెప్పులు విప్పి చేతులు కడుక్కుని, ఆ గొట్టాలు తీశాను. ఆయన చొక్కా చేయి మడిచాడు.

"గుర్రం లేచిందా?"

"లేచింది."

"మంచిగైంది. పెండ్లిళ్ళ సీజనాయె."

రిపోర్టు వచ్చింది. అదే వైరస్. ఏ దోమ, ఏ సాయంత్రం, ఏ గేటు అన్నది మాత్రం ఏ పరీక్షా చెప్పదు. మా వీధి మోరీలో లేని దోమలా? ఆ సాకు నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను. ఒక్కసారీ నమ్మలేదు.

మోండా మార్కెట్‌కు వెళ్ళినప్పుడు ఒక మందుల షాపులో అలాంటి పూత మందే కొన్నాను. సాయంత్రం కిటికీలు మూసి, మంచం పక్కన కింద కూర్చుని, ఆయన కుడి కాలు ఒళ్ళోకి తీసుకున్నాను. వాసనకు ఆయన ముక్కు చిట్లించాడు. నా చేతిలో ట్యూబు చూసి నవ్వాడు.

"ఏందీ, నన్ను సుత డ్యూటీల ఎక్కించుకున్నవా?"

ఆ మాట ఆయన ఇంకా మరిచిపోలేదు. మడమ నుంచి పైకి రాస్తూ పోయాను. ఆ కాలు బరువుగా, వెచ్చగా ఉంది.

"సల్లగున్నదే," అన్నాడు.

అప్పుడు వణికింది నా చేయి. ట్యూబు మూత జారి మంచం కిందికి పోయింది. దానికోసమని వంగి, చాలాసేపు లేవలేదు.