వాల్వుకు నాలుగు పేర్లు

నీళ్ల ఫిల్టర్లు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో ఆమెను పేరు పెట్టి పిలిచినవారు లేరు. ఇంగ్లీషులో ఎమ్మే చేసి వచ్చింది కనుక మొదటి వారంలోనే "ఇంగ్లీషు" అన్న పేరు స్థిరపడిపోయింది. "ఇంగ్లీషు ఇంకా రాలేదండీ" అని రిసెప్షన్‌లోని అమ్మాయి ఫోనులో చెబితే, "ఫర్వాలేదమ్మా, నెమ్మదిగా చెప్పు" అని అవతలివారు ధైర్యం చెప్పిన సందర్భాలున్నాయి.

ప్రతి ఫిల్టరుతో పాటు బాక్సులో పెట్టే మాన్యువల్ రాయడం ఆమె పని. అంతకు ముందు ఆ పని ఇంజనీర్లే చేసేవారు. వారు రాసిన పుస్తకం నీటిలోని లవణాల చర్చతో మొదలై, స్విచ్ ఎక్కడుందో చివరి పేజీలో చెప్పేది. అందుకే భాష తెలిసిన మనిషిని తీసుకోవాలని యాజమాన్యం నిర్ణయించింది. స్టోరుకూ టెస్టింగ్ గదికీ మధ్య ప్లైవుడ్‌తో ఒక గది అమర్చి ఇచ్చారు. ఆ గోడలు పైకప్పు దాకా వెళ్లలేదు. కాబట్టి ఆమె రాసిన ప్రతి వాక్యం వెనకా ఒక మోటారు మోగుతూనే ఉండేది.

ఆరు నెలలు ప్రొబేషన్. తండ్రితో కుదిరిన ఒప్పందం కూడా ఆరు నెలలకే. ఉద్యోగం ఖాయమైతే సరే, కాకపోతే మారు మాట లేకుండా బ్యాంకు పరీక్షల కోచింగులో చేరాలి. తండ్రి తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. దుకాణాలకు వెళ్లి త్రాసులో ఇనుప రాళ్లు పెట్టి చూసే మనిషి. దేన్నయినా తూచనిదే నమ్మడు, తూచాక వాదించడు. కూతురు ఇంగ్లీషు సాహిత్యం తీసుకుంటానన్నప్పుడు ఆయన అడ్డు చెప్పలేదు. "చదువు. తూకం తర్వాత చూద్దాం" అని మాత్రం అన్నాడు.

పిన్ని అలా ఊరుకునే మనిషి కాదు.

"ఇంగ్లీషు చదివితే ఏమవుతారే?"

"టీచరు కావచ్చు పిన్నీ."

"అది నాకూ తెలుసు. అది కాక?"

ఆమె తన తరగతిలోని వారి సంగతి చెప్పింది. ఇద్దరు టీచర్లయ్యారు. ఒకతను పుస్తకాల సంస్థలో ఇతరుల రాతలు దిద్దుతున్నాడు. ఒకామె సినిమాల కింద కనిపించే మాటలు రాస్తోంది. తరగతిలో నోరెత్తని కుర్రవాడు ఆ తర్వాత లా చదివి, ఇప్పుడు నోరు మూయడం లేదు. ఇంకొకామె ఒక పెద్ద హోటల్లో అతిథుల ఫిర్యాదులు వింటుంది. సుదీర్ఘమైన దుఃఖగాథలను మధ్యలో ఆపకుండా వినడం యూనివర్సిటీలోనే అలవాటైందని ఆమె చెప్పేది.

పిన్ని అంతా విని, "అంటే ఏదయినా కావచ్చు, ఏదీ కాకపోవచ్చు" అని తేల్చింది. ఆ తీర్పులో అన్యాయమేమీ లేదు.

ఆ యూనివర్సిటీలో వచనం చెప్పిన మేడం ఒకరుండేవారు. ఒకే పేజీలో ఒక మాట రెండుసార్లు వస్తే ఎర్ర కలంతో రెండింటికీ సున్నా చుట్టేవారు. "రెండోసారి అదే మాట వాడావంటే, నీ దగ్గర ఇంకో మాట లేదన్నమాట" అనేవారు. ఆ సున్నాల భయం శిష్యులకు ఎమ్మే పట్టాతో పాటే అందింది.

కొత్త మోడలుకు ఆమె రాసిన మొదటి మాన్యువల్‌లో అలాంటి సున్నా చుట్టడానికి ఎక్కడా చోటు లేదు. ఫిల్టరు వెనక నీలం పిడి ఉన్న వాల్వు ఒకటి ఉంటుంది. నీళ్లు ఆపాలన్నా వదలాలన్నా అదే. బొమ్మ దగ్గర దాన్ని ఆమె వాల్వు అంది. పక్క పేజీలో ట్యాపు అంది. శుభ్రం చేసే పద్ధతి దగ్గర లీవరు అంది. చివరి హెచ్చరికల్లో కంట్రోలు అంది. విడివిడిగా చూస్తే ఏదీ తప్పు కాదు. మేనేజరు ఇంజనీరు. యంత్రం ఆయనకు కంఠతా వచ్చు గనుక నాలుగు పేర్లు చదివినా ఆయన కంటికి ఒక్క వాల్వే కనబడింది. "చదవడానికి బాగుంది" అని సంతకం పెట్టాడు. ఆయన నోట అంత మెచ్చుకోలు ఎవరూ విని ఉండలేదు.

పుస్తకం అచ్చయి బాక్సుల్లోకి వెళ్లింది. తర్వాత సర్వీసు సెక్షన్ ఫోను మోగడం మొదలైంది. బాక్సులో లీవరు లేదని ఒకరు. ట్యాపు ఇవ్వలేదని ఇంకొకరు. పార్టులు తగ్గాయంటే తప్పు ప్యాకింగ్‌దే అయి ఉండాలని అందరికీ తోచింది. ప్యాకింగ్ పెద్దను ఫ్యాక్టరీ అంతా బాబాయ్ అని పిలిచేది. భారీ మనిషి, ముక్కు మీద కోపం. బాక్సు మూత వేసే ముందు లోపలి వస్తువులకు ఏదో చెప్పి పంపుతున్నట్టు ఒకసారి తట్టేవాడు. శనివారంలోగా కారణం తేలకపోతే ఆయన్ను గేటుకు మారుస్తామని మేనేజరు చెప్పాడు.

క్యాంటీన్ బల్ల దగ్గర ఆయన టీ ముట్టకుండా కూర్చున్నాడు.

"టీ చల్లారిపోతోంది బాబాయ్."

"చల్లారనీ ఇంగ్లీషమ్మా. నన్ను సోమవారం నుంచి గేటు దగ్గర కూర్చుని లారీల నంబర్లు రాసుకోమంటున్నారు. ఇన్నేళ్లు కట్టిన చేతులు ఇవి, తెలుసా?"

"మీరు చూసి కట్టినవేగా అన్నీ?"

"చూశాను. లెక్కపెట్టాను. అయినా లోకం అంతా లేదంటుంటే నాకే అనుమానమొచ్చింది. అందుకే పోయిన వారం నుంచి ఒక్కో బాక్సులో ఒక వాల్వు ఎక్కువ వేస్తున్నా. చాటుగా. నువ్వు ఎవరికీ చెప్పకు."

"ఎక్కువ వాల్వు ఎందుకు?"

"ఏదో ఒకటి తగ్గిందంటున్నారు కదా. నా దగ్గర మిగిలి ఉన్నది అదే."

ఆమె నవ్వలేదు. నవ్వే విషయం కాదని అప్పటికే తోచింది, ఎందుకో మాత్రం తోచలేదు.

ఆ గురువారం సర్వీసు సెక్షన్ అమ్మాయికి జ్వరం వచ్చింది. మాట బాగుంటుందని ఇంగ్లీషును ఫోన్ల దగ్గర కూర్చోబెట్టారు. మొదటి ఫోను ఒక పెద్దావిడ నుంచి.

"మీ బాక్సులో లీవరు లేదు, కంట్రోలు లేదు. వాల్వులు మాత్రం రెండున్నాయి. ఇదేం లెక్క?"

"అమ్మా, ఫిల్టరు వెనక నీలం పిడి కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది. అది వాల్వు. మీ పుస్తకంలో బొమ్మ కూడా ఉంది. నేనడుగుతున్నది లీవరు."

ఆమె బల్ల మీదున్న మాన్యువల్ తెరిచి చూసింది.

"అదే లీవరండీ."

"మరి ట్యాపు?"

"అదీ అదే."

"కంట్రోలు?"

"అది కూడా అదేనండీ."

అవతల పెద్దావిడ ఆలోచించినట్టుంది. "ఒక్కటే అయితే ఇన్ని పేర్లతో ఎందుకు తిరుగుతోందమ్మాయ్? దాని మీద కేసులేమైనా ఉన్నాయా?"

ఫోను పెట్టేశాక, అంతకు ముందు ఫిర్యాదు చేసినవారికి ఆమె తానే ఫోన్లు చేసింది. ఒకరు లీవరన్నారు, ఒకరు ట్యాపన్నారు. వాల్వు లేదన్నవారు ఒక్కరూ లేరు. రుజువుకు అది చాలు.

ఈ సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ నెలాఖరుకు ప్రొబేషన్ ముగుస్తుంది. తర్వాతి అచ్చులో నాలుగు పేర్లనూ ఒకటి చేస్తే ఫిర్యాదులు వాటంతట అవే ఆగిపోతాయి. అయితే అవి ఆగేది బాబాయ్ గేటుకు వెళ్లిన తర్వాత. అంటే ఆయన వెళ్లాడు గనుకనే ఆగాయని ఫ్యాక్టరీ అంతా నమ్ముతుంది, అలా నమ్మడంలో వారి తప్పూ ఉండదు. తాను రాసిన నాలుగు మాటలకు ఒక మనిషి దొంగో మతిమరుపువాడో అవుతాడు. త్రాసులో రెండో వైపు బ్యాంకు కోచింగు ఉంది. అది తేలికైనదేమీ కాదు.

మధ్యాహ్నం ఆమె మేనేజరు గదికి వెళ్లింది.

"సార్, బాక్సుల్లో ఏ పార్టూ తగ్గలేదు."

"అయితే కస్టమర్లు అబద్ధం చెబుతున్నారా?"

"లేదండీ. లేని పార్టులు ఉన్నాయని వాళ్లకు చెప్పింది నేను."

ఆమె మాన్యువల్ తెరిచి నాలుగు చోట్లా చూపించింది. మేనేజరు చదివాడు. ఈసారి యంత్రాన్ని మరిచిపోయి చదివినట్టున్నాడు, చాలాసేపు పట్టింది.

"ఒకదానికి నాలుగు పేర్లెందుకు పెట్టారు?"

"ఒకే మాట మళ్లీ మళ్లీ వాడకూడదని నేర్చుకున్నానండీ."

"ఎక్కడ?"

"యూనివర్సిటీలో."

"ఎన్నేళ్లు?"

"ఐదు."

"ఐదేళ్లూ దానికేనా?"

"దానికి కూడా."

మేనేజరు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "దీని కింద నా సంతకం కూడా ఉంది" అన్నాడు. అది ఆయన చూపిన న్యాయం. ఆ తర్వాతిది ఆయన ఉద్యోగ ధర్మం: ప్రొబేషన్ మరో మూడు నెలలు పొడిగింపు, మాన్యువల్ మొత్తం తిరగరాయడం. బాబాయ్ ఎక్కడికీ కదలనక్కరలేదు. కాకపోతే, ఒకావిడ ఫోనులో అడిగినట్టు, బాక్సుల్లో వాల్వులు రెండెందుకున్నాయో మాత్రం ఆయనే వచ్చి చెప్పాలి.

ఇంట్లో తండ్రి భోజనం చేస్తూ విన్నాడు.

"తప్పు ఎవరు పట్టుకున్నారు?"

"నేనే నాన్నా."

"నువ్వు చెప్పకపోతే తెలిసేదా?"

"తెలిసేది కాదు."

ఆయన మజ్జిగ పోసుకున్నాడు. "అయితే కోచింగు వాళ్లకు మూడు నెలలు ఆగమని చెబుతాను" అన్నాడు. అంతకు మించి ఆయన దగ్గర ఆశించకూడదు.

కొత్త పుస్తకంలో ఆమె వాల్వును వాల్వనే అంది, వచ్చిన ప్రతిచోటా. ఎర్ర సున్నాలు కళ్ల ముందు కనిపించాయి గాని మార్చలేదు. అచ్చుకు ముందు ఒక ఫిల్టరునూ ఆ కాగితాలనూ పిన్ని ఇంటికి తీసుకెళ్లి, చదువుతూ బిగించమంది. తాను ఎదురుగా నోరు విప్పకుండా కూర్చుంది.

"ఇంత చదివి ఇదేం రాతే? వాల్వు, వాల్వు, వాల్వు. ఇదయితే నేనూ రాసేదాన్ని" అంటూనే పిన్ని ఫిల్టరు బిగించి నీళ్లు పట్టింది. అప్పటి నుంచి ఆ యంత్రం ముఖం చూడని మనిషి ఎవరో ఒకరు చదివి బిగించనిదే ఏ పుస్తకమూ అచ్చుకు పోకూడదని ఆమె నియమం పెట్టుకుంది. ఫ్యాక్టరీ కూడా ఒప్పుకుంది. మూడు నెలలు గడిచాక ఉద్యోగం ఖాయమైంది. లేని పార్టులు అడిగేవారు అప్పటికి లేరు.

ఆ ఏడాదే యూనివర్సిటీవారు, ఇంగ్లీషు చదివినవారికి ఏయే ఉద్యోగాలున్నాయో చివరి ఏడాది పిల్లలకు చెప్పమని ఆమెను పిలిచారు. ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. పిల్లలు వాల్వు దగ్గర నవ్వారు, ప్రొబేషన్ దగ్గర నవ్వలేదు. వచనం మేడం ముందు వరుసలో కూర్చుని, తన చేతికిచ్చిన కొత్త మాన్యువల్‌ను శ్రద్ధగా చదివారు. వెళ్లేటప్పుడు తిరిగి ఇచ్చారు. ప్రతి వాల్వుకూ ఎర్ర సున్నా ఉంది.

మర్నాడు అది ఆమె బల్ల మీద ఉండగా బాబాయ్ చూశాడు.

"ఇన్ని సున్నాలెవరు చుట్టారు ఇంగ్లీషమ్మా?"

"మా మేడం. అన్నిచోట్లా ఒకటే ఉందని."

బాబాయ్ పేజీలు తిప్పి చూసి, తృప్తిగా మూసి, దాన్ని ఒకసారి తట్టాడు.

"అయితే ఆవిడకు అర్థమైందన్నమాట."