అడవిలో ఊరి దీపాలు

నిజాం ఏలుబడి ఇంకా ఉన్న రోజులు. నాకప్పుడు పద్నాలుగేళ్లు. నల్లమల అంచున మా ఊరు. మా అక్కకు తొలి కాన్పు కష్టమైంది. "ఇగ నాతోని కాదు, నాగర్‌కర్నూల్ దవాఖానకు తీస్కపోండ్రి" అని మంత్రసాని చేతులెత్తేసింది.

తొలకరికి బాటంతా బురదై బండి కదలదు. నాయినా బావా గొంగడిని కర్రకు జోలెలా కట్టి అక్కను మోశారు. లాంతరుతో నేను ముందు నడిచాను.

చీకటి పడ్డాక వాగు దగ్గర ఎలుగుబంటి ఎదురైంది. మూలుగు బయటికి రాకుండా అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. ఎలుగుబంటి పోయేసరికి నా చేతిలోని లాంతరు జారి పగిలింది. ఆ చీకట్లో బాట తప్పాం.

ఎంతో దూరం నడిచాక బావ, "అగో, దీపాలు! ఊరొచ్చింది!" అని అరిచాడు. ఆశగా ఉరికాం. తీరా చూస్తే చెట్ల నిండా మిణుగురులు, వేలకు వేలు, ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరుతున్నాయి. ఇల్లు లేదు, మనిషి లేడు. నాయిన కూలబడ్డాడు.

"ఊరొచ్చిందా నాయినా?" అని అక్క సన్నగా అడిగింది.

"వచ్చింది బిడ్డా. దీపాలు కనవడ్తలేవా?"

"కనవడ్తున్నయి. మస్తుగున్నయి."

తెల్లవారకముందే కడుపులో బిడ్డతో సహా అక్క పోయింది.

నాయిన తర్వాత చాలా ఏళ్లు బతికాడు గానీ, ఆ రాత్రి మాట మళ్లీ ఎత్తలేదు. ఊరు చేరాననుకుంటూనే అక్క కళ్లు మూసిందని నాకు నేను చెప్పుకుంటాను. ఆ మాట ఏ రోజూ నన్ను ఊరడించలేదు.