తాళాలక్క

మా వదినకి మొండితనం పుట్టుకతోనే వచ్చింది. గోడౌన్‌లో సరుకు ఎక్కించే గట్టుకి, అదే లోడింగ్ డాక్‌కి, ట్రైలర్ వెనక్కి వచ్చి ఆనుకోగానే, చక్రాల ముందు రబ్బరు దిమ్మలు తోసి, కాలితో ఓసారి తన్ని చూస్తుంది. తర్వాత డ్రైవరు ముందు చెయ్యి చాస్తుంది. బండి తాళం ఆ చేతిలో పడితే తప్ప డాక్ తలుపు తెరవదు. పదకొండేళ్లుగా ఇదే తంతు. డ్రైవర్లు ఆవిడకి తాళాలక్క అని పేరు పెట్టారు.

నవ్వుకునేవాళ్లని నవ్వుకోనీ. మా ఆయన, అంటే వదిన తమ్ముడు, ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. సరుకు పెట్టడానికి రోజంతా ఆ ట్రైలర్లలోకి వెళ్లి వస్తూనే ఉంటాడు. వెళ్లే వేళకి బండి కదిలిందంటే, ఫోర్క్‌లిఫ్ట్‌తో సహా డాక్‌కీ ట్రైలర్‌కీ మధ్య సందులో పడతాడు. అందుకే డాక్ పక్కనే ప్యాకింగ్ బల్ల దగ్గర నా చేతులు పని చేస్తున్నా, ఒక చెవి అటే ఉంటుంది.

కొత్త సూపర్‌వైజరు వచ్చిన వారానికే వదిన మీద పడ్డాడు.

"దిమ్మలు పెడుతున్నావుగా, మళ్లీ తాళాలెందుకమ్మా? ఆలస్యమైపోతోందని డ్రైవర్లు గోల పెడుతున్నారు. రేపట్నించి మానెయ్. కాదంటే ప్యాకింగ్‌లో కూర్చో."

"దిమ్మలు డ్రైవరే తీసేసుకోగలడు సార్," అంది వదిన.

ఆయన వినిపించుకోలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. భయం కూడా వేసింది.

ఆ మధ్యాహ్నమే, మా ఆయన సరుకు కోసం ఇవతలికి వచ్చిన సమయంలో సూపర్‌వైజరు ట్రైలర్‌లోకి దూరాడు. గోడ రేకు గట్టిదేనా అని అరచేత్తో రెండు చరుపులు చరిచాడు. పాపం, కొత్త మనిషి. మా డాక్‌లో రేకు మీద రెండు చరుపులంటే సరుకు నిండింది, బయల్దేరమని.

డ్రైవరు చకచకా దిమ్మలు లాగేసి వదిన దగ్గరికి వచ్చాడు.

"అక్కా, అయిపోయింది, తాళం!"

"ఆగు, చూసొస్తా." వదిన ట్రైలర్‌లోకి తొంగి చూసింది. "ఏమయ్యా, మా సూపర్‌వైజరు గారు కూడా సరుకేనా? ఎక్కడ దింపుతావు?"

ఆయన గబగబా బయటికి వచ్చాడు. "బయల్దేరమని ఎవరు చెప్పారు?"

"మీరే కద సార్, రెండు చరిచారు!" అన్నాడు డ్రైవరు.

ఆయన దిమ్మలు లేని చక్రాల వంక చూశాడు. ముఖాన నెత్తురు చుక్క లేదు. వదిన మంచినీళ్ల సీసా అందించింది. "తాగండి సార్. తాళం నా దగ్గరే ఉంది."

మా ఆయన ఫక్కున నవ్వాడు. కాసేపటికి సూపర్‌వైజరూ నవ్వేశాడు. నాకు మాత్రం ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

మర్నాడు పొద్దున మొదటి ట్రైలర్ వచ్చింది. మానెయ్యమన్న మాట ఎవరూ వెనక్కి తీసుకోలేదు. వదిన తటపటాయిస్తూనే చెయ్యి చాచింది. డ్రైవరు తాళం గుప్పిట్లో బిగించాడు.

"ఈ రూలు తీసేశారట కదక్కా?"

వెనక నుంచి సూపర్‌వైజరు వచ్చాడు. "ఇచ్చెయ్ బాబూ. ఇప్పుడు లోపలికి వెళ్లేది నేనే."