పిలవకుండా వచ్చే మెకానిక్

పిలవని పేరంటానికి వచ్చేవాణ్ణి మా ఊళ్లో ఎవరూ నమ్మరు. నేనసలే నమ్మను. రెండు వర్గాలున్న ఊరు మాది. పని లేకుండా ఎవడైనా వచ్చి యోగక్షేమాలు అడిగాడంటే, వాడు అటువాడా ఇటువాడా అని తేల్చుకున్నాకే మంచం వాలుస్తాం.

అలాంటి ఊరికి పిలవకుండా వచ్చేవాడు అబ్దుల్ గఫార్. గురజాల బస్టాండు వెనక బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. ఆ వీధిలోనే ఇంకో మూడు షాపులున్నాయి. అందరూ వాడేది అదే రాగి తీగ, చెప్పేది అదే రేటు. మిగతావాళ్లు మోటారు ఆటోలోకి ఎక్కించాక మళ్లీ మన మొహం చూడరు. గఫార్ మాత్రం అయిదో రోజున పాత మోపెడ్ వేసుకుని మన పొలానికే వస్తాడు. స్టార్టరు డబ్బా తెరిచి, మోటారు ఎంత కరెంటు లాగుతుందో మీటరు పెట్టి చూసి, టీ కూడా తాగకుండా పోతాడు.

మొన్న కార్తీకంలో నా మోటారు బాగు చేశాక అలాగే వచ్చాడు.

"ఏంది భాయ్, ఎవరు పిలిచారు నిన్ను?" అన్నాను.

"ఎవరూ పిలవలేదు కోటన్నా. షాపులో బానే తిరిగింది. నీ బోరులో ఎట్టా తిరుగుతుందో చూడొద్దా?"

ఇంతదూరం ఎవడైనా ఊరికే వస్తాడా? అతను వెళ్లగానే డబ్బా తెరిచి మరలు లెక్కపెట్టుకున్నాను. అన్నీ ఉన్నాయి. అన్నీ ఉండేసరికి అనుమానం ఇంకా పెరిగింది.

సంగతి పుల్లారావు బాబాయి చెవిన వేశాను. మా వర్గానికి ఆయనే పెద్ద.

"మోటార్లు చూడ్డానికి ఊరూరా తిరిగేవాడు ఎవడన్నా ఉంటాడంట్రా?" అన్నాడాయన. "వాడు అవతలోళ్ల మనిషి. పంచాయితీ ఎలచ్చన్లు వస్తన్నయ్. ఎవరి చేలో ఎవరు కూర్చుంటన్నారో చూసిపోయి చెప్తాడు."

అదీ సంగతి అనుకున్నాను.

నెల తిరక్కుండా గఫార్ మళ్లీ వచ్చాడు. అప్పటికి నా నాలుగెకరాల మిరప పూత మీదుంది. ఉన్నది ఒకటే బోరు. ఆ అదనులో తడి తప్పితే పూతంతా రాలిపోతుంది, ఏడాది కష్టం మట్టిపాలవుతుంది. అతను మీటరు పెట్టి మొహం చిట్లించాడు.

"అన్నా, లైన్లో మూడు ఫేజులకు ఒకటి పడిపోతా ఉంది. లైను సరిచేయించేదాకా ఆటో స్టార్టరు తీసెయ్. కరెంటు రాగానే దానంతటది లేసిందనుకో, నువ్వు లేనప్పుడు రెండు ఫేజుల మీదే తిరిగి కాలిపోద్ది. దగ్గరుండి వేసుకో."

ఆటో తీసేస్తే పొద్దస్తమానం నేను మోటారు దగ్గరే కాపలా పడి ఉండాలి. ఇక ఊళ్లో ఎవరు ఎవర్ని కలుస్తున్నారో నాకు తెలియదు. ఓహో, ఇదా ఎత్తు అనుకున్నాను.

"నీ యవ్వారం నాకు తెలుసులే. ఇంకోసారి నా చేలో కాలు పెట్టమాక."

గఫార్ నా వంక చూసి, డబ్బా మూసి వెళ్లిపోయాడు.

నాలుగో రోజు మోటారు కాలింది. అతనే ఏదో చేసిపోయాడని నాకు ఒళ్లు మండిపోయింది. సాక్ష్యం కావాలని మోటారు పైకి తీయించి, అదే వీధిలో ఉన్న బ్రహ్మానందం షాపుకి తీసుకెళ్లాను. అతనికీ గఫార్‌కీ పడదని తెలిసే వెళ్లాను.

బ్రహ్మానందం విప్పి చూశాడు. "రెండు ఫేజుల మీద తిరిగింది. ఆటోలో పెట్టావా?"

"ఎవరన్నా కావాలని చేసుంటారా?"

"చేసింది నువ్వే. గఫారు చెప్పలా నీకు? చెప్పే ఉంటాడు. అందుకే గందా ఆడి షాపు కాడ తిరనాళ్ల, నా కాడ ఈగలు!" అని కసిగా నవ్వాడు. "తీగ రావాల. నాకైతే వారం పట్టుద్ది."

వారమంటే పూత ఆగుతుందా? నాకు తల కొట్టేసినట్టయింది. మోటారు మోయించుకుని గఫార్ షాపుకి నడిచాను. నాకంటే ముందు ఆరుగురు రైతులు కూర్చుని ఉన్నారు. నేను జరిగింది చెప్పాను. గఫార్ ఒక్క మాట దెప్పలేదు. లోపలికి వెళ్లి, తన సొంత మోటారొకటి బయటికి దొర్లించాడు.

"నీదయ్యేదాకా ఇది దింపుకో."

అప్పుడు కూడా నా పాపిష్టి నోరు ఊరుకోలేదు. "ఎందుకిస్తన్నావ్?" అన్నాను.

"కోపాలుంటే నీకూ నాకూ ఉండాల. మిరప చెట్లేం చేసినయ్ అన్నా?"

ఆ సాయంత్రానికే చేలోకి నీళ్లు పారాయి. పూత నిలిచింది.

అయిదో రోజు మోపెడ్ చప్పుడు వినిపించింది. గఫార్ గట్టు అవతలే ఆగిపోయి, "రావచ్చా అన్నా?" అని అడిగాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఎదురెళ్లి, చెయ్యి పట్టుకుని చేలోకి తీసుకొచ్చాను.

దారిన పోతున్న పుల్లారావు బాబాయి అది చూసి నిలబడిపోయాడు.

"ఏరా, అవతలోళ్లల్లో ఎప్పుడు కలిశావ్?"

"పూత నిలిచిన కాడ్నుంచి బాబాయ్," అన్నాను.