మా నాయన పరుపు దిగిన రోజు

రాజధాని కర్నూలులో డేరాల కింద ఉన్న రోజుల్లో నేను పులివెందులలో, మా నాయన స్నేహితుడి గుడ్డల అంగట్లో పని నేర్చుకున్నాను. ప్రొద్దుటూరులో మాకు సొంత అంగడి ఉండగా పరాయి అంగట్లో తాన్లు మోయడమేమిటని ఒళ్ళు మండేది. కన్నవాళ్ల దగ్గరైతే గారాబం, పరాయివాడి దగ్గర తిట్లు తింటేనే పని వస్తుందని మా వ్యాపారస్తుల పద్ధతి. తిట్లు కడుపునిండా తిన్నాను. తీరా ఇంటికి వచ్చేసరికి జమ్మలమడుగు నుంచి మా అక్క మొగుణ్ణి పిలిపించి అంగట్లో పెట్టుకుని ఉన్నాడు నాయన.

అప్పటి నుంచి నాకు కుదురు లేదు. గల్లాపెట్టె ముందున్న పరుపు ఒక్కటే. దాని మీద కూర్చున్నవాడే యజమాని. నాయన తర్వాత నేనా, బావా? నేను అడగలేను, ఆయన చెప్పడు. బావ పాపం మెత్తని మనిషి, "మామా" అంటూ ఆయన వెనకే తిరిగేవాడు. ఆ మంచితనం చూస్తేనే నాకు ఇంకా మండిపోయేది. చివరికి రాజధాని కూడా కర్నూలు నుంచి హైదరాబాదుకు కదిలింది గానీ, మా నాయన పరుపు మీంచి కదల్లేదు.

మా ఇద్దరికీ ఆయన నేర్పిన పాఠం మాత్రం ఒక్కటే. కొన్నా కొనకపోయినా, మెట్లు దిగే మనిషికి "మళ్లా రాండప్పా" అని చెప్పాలి. ఆడవాళ్లయితే "మళ్లా రామ్మా". మరిచిపోతే గజంబద్ద తీసి బల్ల మీద కొట్టేవాడు. ఒక్క బేరానికి మాత్రం ఆ మాట లేదు. ఎవరైనా గొంతు తగ్గించి తెల్లగుడ్డ కావాలన్నారంటే, అది శవం మీదికని మనమే తెలుసుకోవాలి. ఎవరు పోయారని అడగకూడదు, బేరమాడకూడదు. కత్తెర పెట్టకుండా చేత్తో చించి ఇవ్వాలి. ఆ మనిషి మెట్లు దిగిపోయేదాకా నోరు మూసుకోవాలి. ఆ గుడ్డకు మళ్లీ రమ్మనడం కంటే పాపం ఇంకోటి లేదనేవాడు నాయన.

అది పెళ్లిళ్ల కాలం. అంగడి కిటకిటలాడుతోంది. ఈ రోజు తాడో పేడో తేల్చుకోవాలని పొద్దున్నే అనుకున్నాను. జనం పలచబడితే అడుగుదామని కాలు కాలిన పిల్లిలా నాయన చుట్టూ తిరుగుతున్నాను. అంతలో మాకు ఎరుకైన చాపాడు రైతు ఒకాయన జనం వెనక నిలబడి, వినీ వినపడనట్టు తెల్లగుడ్డ అడిగాడు. నాయనే తాను అందుకుని, చేత్తో చించి ఇచ్చి, మళ్లీ పరుపు మీద కూర్చున్నాడు. అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. రైతు మెట్టు మీద కాలు పెట్టాడు. పొద్దుటి నుంచి పెళ్లివారిని సాగనంపి సాగనంపి ఉన్న నోరు కదా.

"మళ్లా రాండప్పా," అన్నాడు నాయన.

రైతు వెనక్కి తిరిగాడు. ఆయన ముఖంలో కోపం లేదు, అందుకే నాకు భయమేసింది.

"ఇంగెందుకొస్తానప్పా. ఉన్నింది ఒక్క కొడుకే."

బావ ఏదో సర్దిచెప్పబోయి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నాయన పరుపు దిగి, చెప్పులు కూడా తొడుక్కోకుండా వీధిలోకి పరిగెత్తాడు. ఆ ఎండలో ఆయన చేతులు జోడించడం, రైతు ఆ చేతులు పట్టుకుని కిందికి దించడం నేను మెట్ల మీంచి చూశాను. ఏం మాట్లాడుకున్నారో వినపడలేదు.

తిరిగి వచ్చి ఆయన పరుపు ఎక్కలేదు. గుడ్డలు కొనేవాళ్లు కూర్చునే బల్ల మీద చతికిలబడ్డాడు. నా వైపు చూశాడు.

"నువ్వు కూచోరా. నా నోరు నా మాట ఇనడంల్యా."

బావ ఉన్నాడు కదా అని గొణిగాను. బావకు జమ్మలమడుగులోనే వేరే అంగడి పెట్టించాలని, అందుకే ఇక్కడికి తెచ్చి పని నేర్పుతున్నానని చెప్పాడు. మరి ఇన్నాళ్లూ ఆ ముక్క నాతో చెప్పి ఏడవచ్చు కదా! పైకి అనలేదు. నా ముఖం చూసి ఆయనే అన్నాడు.

"పులివెందల్లో తిట్లు తిని నోరు మూసుకునేది నేర్చినావు. నిన్ను ఆడికి పంపిచ్చింది దానికే."

ఏళ్ల తరబడి కోరుకున్న పరుపు ఎక్కి కూర్చుంటే ముళ్ల మీద కూర్చున్నట్టుంది. వచ్చిన ప్రతివాళ్ల ముఖం, చేతిలో గుడ్డ చూసుకుని గానీ ఆ మాట అనలేకపోయాను. నాయన బల్ల మీదే ఉండి వింటున్నాడు. మధ్యాహ్నం అన్నానికని లేచి, చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు. అలవాటు కొద్దీ నోరు జారింది.

"మళ్లా రా నాయనా."

ఆయన ఆగాడు. కొంచెం నవ్వినట్టే ఉంది.

"దేనికిరా? నువ్వుండావు గదా."

అన్నం తిని వస్తాడులే అని పొద్దు గూకేదాకా వీధి వైపే చూస్తూ కూర్చున్నాను. బతికినన్నాళ్లూ ఆయన మళ్లీ ఆ మెట్లు ఎక్కలేదు.